ఫొటో చెప్పేదంతా నిజమేనా?
మార్ఫింగ్‌ను పసిగట్టే సాధనాలు అంతర్జాలంలో ఉచితం... వాటి పరిమితులూ తెలియాలి

బోధన్: శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం పొగగొట్టం నుంచి దట్టంగా పొగ వెలువడుతున్న ఫొటో ఒకటి తెల్లవారేసరికి సెల్‌ఫోన్‌కు చేరిందనుకుందాం. ‘ఫ్యాక్టరీ మొదలైంది, చెరకు వేసుకోండి’ అన్న వాక్యం దాని కింద ఉంది. పంపినవారు తెలిసినవారే. వారికి పంపినవారూ తెలిసినవారే. మొదట పంపింది ఎవరన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని ప్రాంతాల రైతుకు ఇది కాలక్షేపం ఫొటో కాదు. చెరకు పది పన్నెండు నెలల పంట. విత్తనపు గడలు, దుక్కి, ఎరువులు, కూలీలు అన్నింటికీ ముందుగానే పెట్టుబడి పెట్టాలి. ఫొటో నిజం కాకపోతే ఏడాది తరువాత గడను ఎక్కడికి తరలించాలో తెలియక నష్టపోయేది ఆ రైతే.

ఈ ఉదాహరణ ఊహించినదే అయినా దాని వెనుక ఉన్న ఆశ ఊహ కాదు. 1937లో నిజాం కాలంలో ఏర్పడిన ఈ కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరొందింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. పునరుద్ధరణపై 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీని నియమించింది. ఇటువంటి నిరీక్షణ ఉన్న చోట ఒక్క ఫొటో ఎంత దూరమైనా పోతుంది. అందువల్ల ఫొటోను పరీక్షించే విద్య పట్టణాల్లోని నిపుణులకే కాదు, సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ అవసరమైంది.

మోసం మూడు రకాలు

సాధనాల గురించి తెలుసుకునే ముందు మోసం ఎన్ని రకాలో తెలుసుకోవాలి. ఒక రకానికి పనికొచ్చే పరీక్ష మరో రకానికి పనికిరాదు.

మొదటిది, పాత ఫొటోకు కొత్త వ్యాఖ్య తగిలించడం. ఇందులో ఫొటో అసలుదే. ఎవరూ దాన్ని మార్చలేదు. ఎప్పుడో, ఎక్కడో తీసినదాన్ని ‘ఇప్పుడే, ఇక్కడే’ అని చెప్పడమే మోసం. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తిన ఏ ఏడాది ఫొటోనైనా నేటిదని చెప్పి పంపవచ్చు. ఇందుకు ఎలాంటి సాంకేతిక నైపుణ్యం అక్కర్లేదు కాబట్టే ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

రెండోది, అతుకు. ఒక ఫొటోలోని మనిషి తలను మరో ఫొటోలోని శరీరానికి అతికించడం, బోర్డు మీది అక్షరాలు మార్చడం, జనాన్ని రెట్టింపు చేసి చూపించడం, ఉన్నవారిని చెరిపివేయడం వంటివి దీని కిందికి వస్తాయి. వాడుకలో మార్ఫింగ్ అనేది దీన్నే.

మూడోది, కృత్రిమ మేధతో సృష్టించిన బొమ్మ. ఇందులో అసలు ఫొటో అంటూ ఏదీ ఉండదు. కావలసినది రెండు వాక్యాల్లో చెబితే యంత్రమే ఫొటోలా కనిపించే బొమ్మను తయారుచేస్తుంది. అతుకు లేదు కాబట్టి అతుకును వెదికే సాధనాలు ఇక్కడ సాధారణంగా విఫలమవుతాయి.

మొదటి మెట్టు: పుట్టుక వెదకడం

అనుమానం వచ్చిన ఏ ఫొటోకైనా మొదట చేయదగిన పరీక్ష రివర్స్ ఇమేజ్ సెర్చ్. మామూలుగా అంతర్జాలంలో మాటలు ఇచ్చి ఫొటోలు వెదుకుతారు. ఇక్కడ ఫొటోనే ఇచ్చి, అది అంతకుముందు ఎక్కడెక్కడ కనిపించిందో వెదుకుతారు. కెనడాకు చెందిన టిన్ఐ 2008లో ఈ సేవను ప్రారంభించింది. 2011లో గూగుల్ దీన్ని అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్లలో గూగుల్ లెన్స్ రూపంలో ఇది చేతికి అందుతోంది.

ఇది పనిచేసే తీరు వేలిముద్రల పరీక్షను పోలి ఉంటుంది. ఫొటోలోని వెలుగునీడలు, అంచులు, రంగుల అమరికల నుంచి యంత్రం ఒక సంకేతాన్ని తయారుచేస్తుంది. తన వద్ద ఇప్పటికే ఉన్న కోట్లాది ఫొటోల సంకేతాలతో దాన్ని పోల్చుతుంది. ఫొటోను కొంత కత్తిరించినా, చిన్నది చేసినా, రంగు మార్చినా చాలా సందర్భాల్లో పట్టుకోగలుగుతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను ఫోన్‌లో భద్రపరచుకుని గూగుల్ లెన్స్‌లో తెరిస్తే చాలు. అదే ఫొటో ఉన్న పేజీలు వరుసగా వస్తాయి. టిన్ఐలో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా అమర్చుకునే వీలుంది. ‘నిన్న తీసినది’ అన్న ఫొటో నాలుగేళ్ల కిందటి పేజీలో కనిపిస్తే వ్యవహారం అక్కడితో తేలిపోయినట్లే. వీడియో అయితే దాన్ని నిశ్చల చిత్రాలుగా విడగొట్టి వెదకాలి. ఇందుకు ఫ్రాన్స్ వార్తా సంస్థ ఏఎఫ్‌పీ తదితరుల సహకారంతో 2017లో వచ్చిన ఇన్‌విడ్ అనే ఉపకరణం తోడ్పడుతుంది. కంప్యూటర్‌లోని బ్రౌజర్‌కు దీన్ని ఉచితంగా జోడించుకోవచ్చు.

ఈ చిన్న పరీక్ష చేసేవారు లేకపోవడం వల్ల 2018లో దేశం భారీ మూల్యం చెల్లించింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ ఆ ఏడాది వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు చక్కర్లు కొట్టాయి. వాటిలో వరుసగా పడి ఉన్న చిన్నారుల మృతదేహాల చిత్రం 2013లో సిరియాలో జరిగిన రసాయన దాడి నాటిది. మోటారు సైకిల్‌పై వచ్చి బాలుడిని ఎత్తుకుపోయే వీడియో పాకిస్థాన్‌లోని కరాచీలో అవగాహన కోసం చిత్రించినది. చివర్లో బాలుడిని తిరిగి అప్పగించే భాగాన్ని కత్తిరించి పంపారు. తెలంగాణలో ఆ ఏడాది మే నెలలో అనుమానితులపై గుంపులు దాడులకు దిగాయి. పొరుగున ఉన్న మహారాష్ట్రలో ధూలె జిల్లా రైన్‌పాడలో జులై 1న ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదుగురికి మించి పంపకుండా పరిమితి విధించింది. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామాలకు పోలీసులను పంపి, డప్పు చాటింపుతో, పాటలతో వదంతులపై ప్రచారం చేయించారు. ఫొటో అబద్ధమని తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలూ ఆగే ఓపికే కరవైంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. వెదికినా ఏమీ దొరకకపోతే ఫొటో కొత్తదని గాని, నిజమని గాని అర్థం కాదు. వాట్సాప్ సందేశాల్లో ఉన్నవి ఈ యంత్రాలకు కనిపించవు. అంతర్జాలంలో ఎన్నడూ పెట్టని పాత ఫొటోలూ దొరకవు.

ఫొటో జాతకం

డిజిటల్ కెమెరాతో గాని, సెల్‌ఫోన్‌తో గాని తీసిన ఫొటోలో కంటికి కనిపించని సమాచారం కొంత దాగి ఉంటుంది. ఏ కంపెనీ ఫోన్, ఏ తేదీ, ఎన్ని గంటలకు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ ప్రదేశం అన్న వివరాలు అందులో నమోదవుతాయి. దీన్ని మెటాడేటా అంటారు. ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి భద్రపరిస్తే ఆ పేరు కూడా చేరే అవకాశం ఉంది.

అయితే వాట్సాప్, ఫేస్‌బుక్ వంటివి ఫొటోను పంపేటప్పుడు ఈ వివరాల్లో చాలావరకు తొలగిస్తాయి. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో జాతకం లేకపోవడం నేరమేమీ కాదు. తీసిన వ్యక్తి అందుబాటులో ఉంటే అసలు ఫైలును ఫొటోగా కాక ‘డాక్యుమెంట్’ రూపంలో పంపమని అడగాలి. అప్పుడు వివరాలు చెదరకుండా వస్తాయి. ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంటే ఫొటోలోనూ తప్పే నమోదవుతుందని, ఈ వివరాలను మార్చే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయని గుర్తుంచుకోవాలి. జాతకం సాక్ష్యానికి తోడు మాత్రమే. అదొక్కటే సాక్ష్యం కాదు.

అతుకు జాడ తెలిపే పరీక్ష

మార్ఫింగ్‌ను పసిగట్టే పరీక్షల్లో బాగా ప్రచారం పొందినది ఎర్రర్ లెవెల్ అనాలసిస్. అమెరికాకు చెందిన కంప్యూటర్ భద్రతా నిపుణుడు నీల్ క్రావెట్జ్ దీన్ని 2007లో వివరించారు. 2012లో ఆయన ప్రారంభించిన ఫొటోఫోరెన్సిక్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు.

దీని సూత్రం కష్టమైనదేమీ కాదు. సాధారణంగా ఫొటోలు జేపెగ్ పద్ధతిలో భద్రమవుతాయి. స్థలం ఆదా కోసం ఈ పద్ధతి ఫొటోను ఎనిమిదేసి చుక్కల చదరపు గళ్లుగా విభజించి, కంటికి అంతగా తెలియని వివరాలను వదిలేస్తుంది. భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. మొదటిసారి ఎక్కువగా, తరువాత తరువాత తక్కువగా పోతుంది. ఇప్పుడు ఒక ఫొటోలో మరో చోటి ముఖాన్ని అతికించారనుకుందాం. చుట్టూ ఉన్న భాగం నాలుగుసార్లు కుదింపునకు గురై ఉంటే ముఖం ఒకసారే గురై ఉండవచ్చు. మొత్తం ఫొటోను మరోసారి కుదించి, ఏ భాగం ఎంత మారిందో చూస్తే అతికించిన చోటు మిగతా వాటికంటే వెలుగ్గా కనిపిస్తుంది. మొక్కతోట, కార్శి తోట ఒకే మడిలో పక్కపక్కన ఉంటే అనుభవం గల చెరకు రైతు గట్టు మీద నుంచే తేడా చెబుతాడు. రెండింటి వయసు వేరు. ఈ పరీక్ష చూసేదీ అటువంటి వయసు తేడానే.

స్విట్జర్లాండ్‌కు చెందిన జోనాస్ వాగ్నర్ 2015లో రూపొందించిన ఫోరెన్సికల్లీ అనే మరో ఉచిత సాధనంలో ఈ పరీక్షతో పాటు మరికొన్ని ఉన్నాయి. వాటిలో క్లోన్ గుర్తింపు ముఖ్యమైనది. సభకు వచ్చిన జనం ఎక్కువగా కనిపించాలని అదే గుంపును రెండు మూడు చోట్ల అతికిస్తే, ఒకేలా ఉన్న భాగాలను ఈ పరీక్ష గీతలతో కలిపి చూపుతుంది. అతికించి మోసగించిన భాగాలను గణిత పద్ధతిలో కనిపెట్టే మార్గాన్ని అమెరికా శాస్త్రవేత్త హనీ ఫరీద్, తన విద్యార్థి అలిన్ పొపెస్కుతో కలిసి 2004లో ప్రతిపాదించారు. నాయిస్ పరీక్ష మరొకటి. ప్రతి కెమెరా ఫొటో అంతటా సన్నని ఇసుక చల్లినట్లు ఒక గరుకుదనాన్ని మిగులుస్తుంది. మరో కెమెరాతో తీసిన ముక్కను అతికిస్తే అక్కడ ఆ గరుకుదనం వేరుగా ఉంటుంది.

తొందరపడితే తప్పే

ఈ సాధనాలు ‘నిజం’, ‘అబద్ధం’ అని తీర్పు చెప్పవు. రంగురంగుల చిత్రాన్ని మాత్రమే చూపుతాయి. దాన్ని చదవడంలోనే పొరపాట్లు ఎక్కువ. తెల్లని గోడ మీది నల్లని అక్షరాలు, మెరిసే లోహం, దట్టమైన ఆకులు మార్పు లేకున్నా వెలుగ్గానే కనిపిస్తాయి. ఫోన్‌లో ఫొటోపై తేదీ ముద్రించినా, కాస్త కాంతి పెంచినా పరీక్షలో తేడా రావచ్చు. మరోవైపు వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటో మళ్లీ మళ్లీ కుదింపునకు గురై ఉంటుంది. అసలైన అతుకు జాడ కూడా అందులో చెరిగిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసిన ఫొటోదీ అదే పరిస్థితి.

దీని పర్యవసానం చిన్నది కాదు. వడగళ్లకు నేలకొరిగిన వరి ఫొటో తీసి అధికారులకు పంపిన రైతుదనుకుందాం. ఎవరో ఒక వెబ్‌సైట్‌లో పరీక్షించి, వెలుగు చుక్కలు చూపించి ‘ఇది మార్ఫింగ్’ అంటే నిజమైన నష్టం అబద్ధంగా మిగిలిపోతుంది. అబద్ధాన్ని నిజమని నమ్మడం ఎంత ప్రమాదమో, నిజాన్ని అబద్ధమని కొట్టిపారేయడమూ అంతే ప్రమాదం. ఒక పరీక్షను మాత్రమే ఆధారం చేసుకుని ఎవరిపైనా నింద వేయరాదు. రెండు మూడు పరీక్షలు ఒకే భాగాన్ని అనుమానిస్తే అప్పుడు మాత్రమే మరింత లోతుగా చూడాలి.

కృత్రిమ మేధతో కొత్త చిక్కు

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల వ్యవహారం ఈ చిక్కును రాష్ట్రమంతటికీ తెలియజేసింది. 2025 మార్చి నెలాఖరున అక్కడ చెట్ల తొలగింపు మొదలైంది. బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగులు తీస్తున్న చిత్రాలు సామాజిక మాధ్యమాలను ముంచెత్తాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో తయారైనవి. నకిలీ చిత్రాలతో తప్పుదారి పట్టించారంటూ ప్రభుత్వం కేసులు, నోటీసుల దాకా వెళ్లింది. గిబ్లీ శైలిలో గీసినట్లున్న బొమ్మను తిరిగి పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు అందింది. మరోవైపు చెట్లు కొట్టడం మాత్రం కల్పితం కాదు. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న జోక్యం చేసుకుని పనులు నిలిపివేయించింది.

ఇందులో ఇరుపక్షాలకూ పాఠముంది. బొమ్మ నకిలీ అయినంత మాత్రాన సంఘటన నకిలీ కాదు. సంఘటన నిజమైనంత మాత్రాన బొమ్మ నిజం కాదు. నిజమైన ఆందోళనకు నకిలీ బొమ్మను జోడిస్తే బలం చేకూరకపోగా, ఆ బొమ్మను చూపి మొత్తం ఆందోళననే కొట్టిపారేసే అవకాశం ఎదుటివారికి దొరుకుతుంది.

ఇటువంటి బొమ్మలను గుర్తిస్తామని చెప్పే వెబ్‌సైట్లు ఎన్నో వచ్చాయి. ఇవి శాతాల్లో జవాబు చెబుతాయి. ఒకే బొమ్మకు రెండు వెబ్‌సైట్లు రెండు జవాబులివ్వడం కొత్తేమీ కాదు. బొమ్మలు తయారుచేసే యంత్రాలు మెరుగైన కొద్దీ పట్టుకునే యంత్రాలు వెనుకబడుతున్నాయి. అందుకే ఇప్పుడు మరో మార్గంపై దృష్టి పెట్టారు. అబద్ధాన్ని పట్టుకోవడానికి బదులు పుట్టిన చోటే ముద్ర వేయడం. గూగుల్ 2023లో ప్రకటించిన సింథ్ఐడీ తన యంత్రాలు తయారుచేసే బొమ్మల్లో కంటికి కనిపించని గుర్తును పొదుగుతుంది. అడోబ్, మైక్రోసాఫ్ట్, బీబీసీ తదితర సంస్థలు 2021లో కలిసి సీ2పీఏ అనే ప్రమాణాన్ని చేపట్టాయి. ఫొటో ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ మారింది అన్న వివరాలను సంతకంతో సహా ఫొటోకే జోడించడం దీని ఉద్దేశం. బంగారంపై హాల్‌మార్క్ వంటిదే ఇది. ముద్ర ఉంటే వివరం తెలుస్తుంది. ముద్ర లేనంత మాత్రాన సరుకు నకిలీ అని చెప్పలేం.

నకిలీ వీడియోలదీ ఇదే తీరు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖంతో డీప్‌ఫేక్ వీడియో వెలువడింది. మరో యువతి వీడియోకు ఆమె ముఖాన్ని అమర్చారు. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుడిని అరెస్టు చేశారు. తయారుచేసేవాడు ఎక్కడో విదేశాల్లో ఉంటాడన్న భావన తప్పని ఈ కేసు తెలిపింది. అనుమానిత వీడియోలు, ఆడియోల కోసం మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయన్స్ అనే వేదిక 2024 మార్చిలో వాట్సాప్ సహాయ సేవను ప్రారంభించింది. ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ ఇది రూపొందింది. తెలుగులో వార్తల నిజనిర్ధారణ చేసే హైదరాబాద్ సంస్థల్లో ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ఉన్నాయి. అనుమానం వచ్చిన అంశాన్ని ముందుగా వారి వెబ్‌సైట్లలో వెదికి చూడవచ్చు.

స్థానికుల కళ్లే సాధనాలు

యంత్రం చూడలేనిది స్థానికుడు చూడగలడు. ఇందుకు కొన్ని గుర్తులు ఉపయోగపడతాయి.

వాహనాల నంబర్ ప్లేట్లు మంచి ఆధారం. నిజామాబాద్ జిల్లా వాహనాలకు ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 25 ఉండేది. తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ 16 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టీజీ ఇస్తున్నారు. ఫొటోలో టీజీ ప్లేటు కనిపిస్తే అది 2024 మార్చికి ముందుది కాదు. టీఎస్ కనిపిస్తే 2014 జూన్‌కు ముందుది కాదు. పాత ప్లేట్లతో వాహనాలు నేటికీ తిరుగుతున్నాయి కాబట్టి ఏపీ 25 కనిపించినంత మాత్రాన ఫొటో పాతదనలేం. అలాగే కామారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది 2016 అక్టోబరులో. కామారెడ్డి జిల్లా అన్న బోర్డు ఉన్న ఫొటో అంతకుముందుది కాజాలదు.

నీడలను గమనించాలి. ఎండలో తీసిన ఫొటోలో ప్రతి నీడ కొసనూ, ఆ నీడ పడిన వస్తువు కొసనూ కలుపుతూ గీతలు గీసి పొడిగిస్తే అవన్నీ సూర్యుడున్న ఒకే బిందువు వైపు పోవాలి. ఒక్క మనిషి నీడ మాత్రం ఆ లెక్కకు రాకపోతే అనుమానించవలసిందే. దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీల మీది తెలుగు అక్షరాలు చదవాలి. కృత్రిమ మేధ బొమ్మల్లో గుణింతాలు, ఒత్తులు గజిబిజిగా ఉండడం తరచూ కనిపిస్తుంది. యంత్రాలు మెరుగవుతున్నందున అక్షరాలు సరిగా ఉన్నంత మాత్రాన నమ్మరాదు. కాలాన్నీ పంటనూ సరిపోల్చాలి. మార్చిలో తీసినదన్న ఫొటోలో చేలో పసుపు పచ్చగా ఏపుగా ఉంటే ప్రశ్నించాలి. అప్పటికి నిజామాబాద్ యార్డుకు కొమ్ములు వస్తూ ఉంటాయి.

వ్యాపారులూ జాగ్రత్త

మార్కెట్ యార్డు ధరల బోర్డు ఫొటోలో ఒక్క అంకె మార్చడం నేడు నిమిషం పని. పసుపు క్వింటాలు ధరలో ముందున్న అంకె మారితే సరుకును ఇంట్లోనే దాచుకునేవారు, తెగనమ్ముకునేవారు ఉంటారు. ధరను ఫొటో చూసి కాక, యార్డు కార్యాలయంలో గాని, ప్రభుత్వ ఈ-నామ్ పోర్టల్‌లో గాని సరిచూసుకోవాలి. డబ్బు చెల్లించినట్లు చూపే ఫోన్‌పే, గూగుల్‌పే స్క్రీన్‌షాట్లదీ అదే దారి. స్క్రీన్‌షాట్ అనేది బొమ్మ మాత్రమే, రసీదు కాదు. సొమ్ము సొంత ఖాతాలో జమ అయినట్లు చూసుకున్నాకే సరుకు ఇవ్వాలి. ఈ రెండింటికీ ఏ ఫోరెన్సిక్ సాధనమూ అక్కర్లేదు. మూలాన్ని అడిగితే సరిపోతుంది.

మతపరమైన, కులపరమైన ఉద్రిక్తతల వేళ మరింత సంయమనం అవసరం. 2022 మార్చిలో బోధన్‌లో విగ్రహ ఏర్పాటుపై తలెత్తిన వివాదం ఘర్షణకు దారితీసి 144 సెక్షన్ విధించవలసి వచ్చింది. అటువంటి గంటల్లో వేరే ఊరి పాత ఫొటో ఒకటి చాలు, మంట పెంచడానికి. సరిచూసుకునే తీరిక లేకపోతే పంపకుండా ఉండడమే మేలైన పరీక్ష.

బాధితులు చేయవలసినవి

మార్ఫింగ్ వల్ల ఎక్కువగా నలిగేది మహిళలు, అప్పుల్లో ఉన్నవారు. 2020 డిసెంబరులో తెలంగాణలో వెలుగుచూసిన రుణ యాప్‌ల ఆగడాల్లో బాకీదారుల ఫొటోలను మార్చి, వారి ఫోన్‌లోని బంధుమిత్రుల నంబర్లన్నింటికీ పంపారు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. ఇటువంటి పరిస్థితి ఎదురైతే సిగ్గుపడవలసింది బాధితులు కాదు. చేయవలసినవి ఇవి.

మొదట సందేశాన్ని చెరిపివేయరాదు. ఫొటో, పంపిన నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, అసలు సందేశాన్నీ ఫోన్‌లోనే ఉంచాలి. డబ్బులిస్తే ఆగుతారన్న నమ్మకంతో చెల్లించరాదు. ఒకసారి ఇచ్చినవారినే మళ్లీ మళ్లీ అడుగుతారు. ఇంట్లోవారికో, నమ్మకమైన స్నేహితులకో వెంటనే చెప్పాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్ సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మహిళలు, పిల్లలపై నేరాలకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. స్థానిక పోలీసు స్టేషన్‌నూ, షీ టీమ్‌నూ ఆశ్రయించవచ్చు.

వ్యక్తిగత చిత్రాలు బయటపడతాయన్న భయం ఉన్న 18 ఏళ్లు నిండినవారికి 2021లో మొదలైన స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. బాధితుల ఫోన్‌లోనే దాని సంకేతం తయారై, ఆ సంకేతం మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామ్య సంస్థలకు చేరుతుంది. అదే చిత్రాన్ని ఎవరైనా పెట్టబోతే గుర్తించి అడ్డుకునే వీలు కలుగుతుంది. 18 ఏళ్లలోపు వారికి అటువంటిదే టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది.

చట్టపరంగా చూస్తే, కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసగించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కింద, అసభ్య చిత్రాల ప్రచారం 67, 67ఎ సెక్షన్ల కింద నేరాలు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఎలక్ట్రానిక్ రికార్డుల ఫోర్జరీనీ నేరంగా పరిగణిస్తోంది. మార్ఫింగ్ చిత్రంపై బాధితులు ఫిర్యాదు చేస్తే సామాజిక మాధ్యమ సంస్థలు నిర్ణీత గడువులోగా చర్య తీసుకోవాలని 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. తయారుచేసినవాడే కాదు, తెలిసీ పంపినవాడూ చిక్కుల్లో పడతాడు.

ఇక్కడే మరో జాగ్రత్త చెప్పుకోవాలి. పరీక్షించాలన్న ఆతురతలో సొంత వ్యక్తిగత ఫొటోలను ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో పెట్టరాదు. ఫొటోఫోరెన్సిక్స్ వంటి వాటిలో పెట్టిన ఫొటో వారి సర్వర్‌కు చేరుతుంది. ఫోరెన్సికల్లీలో మాత్రం పరీక్ష అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫొటో బయటికి పోదు. కోర్టుకు వెళ్లే వ్యవహారమైతే ఈ ఉచిత సాధనాల ఫలితాలు చాలవు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోన్‌ను, అసలు ఫైలును చెక్కుచెదరకుండా ఉంచడం అందుకే ముఖ్యం.

పొగగొట్టం ఫొటో తేలేదెలా?

మొదట చెప్పుకున్న శక్కర్‌నగర్ ఫొటోకే తిరిగి వద్దాం. ముందుగా గూగుల్ లెన్స్‌లో వెదకాలి. క్రషింగ్ సాగుతున్న రోజుల్లోని ఫొటో ఎక్కడైనా పాత పేజీలో దొరికితే పని పూర్తయినట్లే. దొరకకపోతే పంపినవారిని ‘మీకు ఎవరు పంపారు, తీసింది ఎవరు’ అని అడగాలి. తీసినవారు దొరికితే అసలు ఫైలు తెప్పించుకుని తేదీ చూడాలి. ఫొటోలో కనిపించే వాహనాలు, బోర్డులు, చెట్లు ఇప్పటి పరిసరాలతో సరిపోతున్నాయో లేదో చూడాలి. పొగ మాత్రమే అతికించారన్న అనుమానం ఉంటే ఫోరెన్సికల్లీలో పరీక్షించాలి. పొగ చుట్టూ తేడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కనిపించకపోతే నిజమని తేలినట్లు మాత్రం కాదు.

ఇవన్నీ చేసినా మిగిలే పరీక్ష ఒకటుంది. అది అన్నింటికంటే సులభమైనది. బోధన్‌లో ఉన్న బంధువుకో, పాత కార్మికుడికో ఫోన్ చేసి ‘ఒకసారి గేటు దాకా వెళ్లి చూస్తారా’ అని అడగడం. కర్మాగారం నిజంగా మొదలైతే ప్రభుత్వ ఉత్తర్వు ఉంటుంది, రైతులతో చెరకు ఒప్పందాలు ఉంటాయి, గేటు ముందు బండ్ల వరుస ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ లేకుండా పొగ ఒక్కటే ఉండదు. సాధనాలు ఫొటో గురించి మాత్రమే చెప్పగలవు. గడ నాటాలా వద్దా అన్నది తేల్చవలసింది ఫొటో కాదు, ఫ్యాక్టరీతో కుదిరే ఒప్పందం.